సాంచ గొంతు

థాయిలాండుకు పోయి ఇంగ్లీషు చెప్తానంటే ఆ ఏడు మా వాడలో నవ్వనివాళ్ళు లేరు. సిరిసిల్ల నుంచి దుబాయికి పోయినవాళ్ళున్నారు, మస్కట్‌కు పోయినవాళ్ళున్నారు. ఇటుకలు మోశారు, బండ్లు నడిపారు, తోటలకు నీళ్ళు పెట్టారు. పాఠం చెప్పడానికి పోయినవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు. మా ఎదురింటి నాగవ్వ బీడీలు చుట్టుకుంటూ నన్ను వాకిట్లోనే నిలదీసింది.

"ఇంగ్లీషేమో దొరలది. దేశమేమో ఇంకెవలదో. నడుమ నువ్వేందే జమునా?"

"నేను పంతులమ్మను" అన్నాను. చదువుకున్న పిల్లకు పొగరెక్కిందని ఆమె నన్ను కన్న మా అవ్వతో చెప్పింది. అవ్వ కాదనలేదు.

అది సకల జనుల సమ్మె నడిచిన కాలం. నేను ఎమ్మే ఇంగ్లీషు, బీఎడ్ చేసి కోరుట్లలో ఒక ప్రైవేటు బడిలో చెప్తుండేదాన్ని. జగిత్యాలలో జలపతి సార్ అని, బయటి దేశాలకు మనుషులను పంపే ఆఫీసు నడిపేవాడు. థాయిలాండులో ఏదో చిన్న ఊరి బడికి ఇంగ్లీషు టీచర్ కావాలట, దసరా పోయాక కంప్యూటర్ మీద మొహం చూస్తూ ఇంటర్వ్యూ చేస్తారట. నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని ఇంగ్లీషులో నాలుగు ముక్కలు మాట్లాడమన్నాడు. మాట్లాడాను. ఆయన కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

"ఇంగ్లీషు మంచిగనే వస్తది నీకు. గని కొట్లాటకు వచ్చినట్టు మాట్లాడుతున్నవ్ గదమ్మా."

తరవాత చాలాసేపు హితబోధ చేశాడు. గొంతు సగానికి సగం తగ్గించాలట. మూతి ఎంత తక్కువ కదిపితే అంత గౌరవమట. ఏ ఊరంటే సిరిసిల్ల అనకూడదు, హైదరాబాద్ అనాలి. తెలంగాణ అన్న మాట పొరపాటున కూడా రావద్దు. సమ్మెలు చేసే చోటి నుంచి వచ్చిందంటే ఏ బడి పెట్టుకుంటుందని అడిగాడు. ఒక సీడీ చేతిలో పెట్టి, అందులో లండన్ ఆవిడ ఎట్లా మాట్లాడుతుందో అట్లా మాట్లాడితేనే ఉద్యోగమని చెప్పి పంపాడు.

నేను కొట్లాటకు పోలేదు. మా ఇళ్ళల్లో మాట అంతే ఉంటుంది. మరమగ్గాన్ని మేము సాంచ అంటాం. మా ఇంటి వెనక గోడ, మా బాపు ఓదెలు పనిచేసే కార్ఖానా గోడ ఒకటే. పొద్దున సాంచలు మొదలైతే ఆ మోత అన్నం గిన్నె దాకా వచ్చేది. ఆ మోతలో మాట్లాడాలంటే రెండే దారులు. కడుపులోంచి గొంతు తీసి అరవాలి. లేదంటే ఎదుటి మనిషికి మొహం చూపించి, ఒక్కో మాటనూ పెదవుల మీద పెద్దగా దిద్ది, మిగిలింది చేతులతో చెప్పాలి. కార్ఖానాలో ఈ చివరి మనిషి ఆ చివరి మనిషితో పెళ్ళి సంబంధం కూడా అట్లాగే మాట్లాడి ఖాయం చేసుకునేవాడు. నేను నడక కంటే ముందు ఆ మాట నేర్చాను. ఇప్పుడు దాన్ని సగానికి సగం తగ్గించమంటే ఎక్కడ పట్టుకుని తగ్గించాలో నాకు తెలియలేదు.

అయినా ఉద్యోగం కావాలి. ఎంత కావాలంటే, నిద్రలో కూడా ఆ లండన్ ఆవిడ మాటలే వచ్చేవి. కోరుట్ల బడిలో ఎన్నేళ్ళు చెప్పినా నేను ఎవరో ఒకరి సెలవులో చెప్పే టీచర్నే. నన్ను నన్నుగా ఒక బడి పిలవాలని నా పంతం.

సమ్మె ముదిరింది. బొగ్గు బావులు ఆగాయి, బస్సులు ఆగాయి, బడులు మూతపడ్డాయి. నేను ఇంటికి వచ్చేశాను. కరెంటు ఎప్పుడొస్తుందో తెలియదు. వచ్చిన కాసేపు సాంచలు నడిచేవి, మిగతా రోజంతా వాడ నిశ్శబ్దం. మా ఇంట్లో గోడ గడియారం చప్పుడు చేస్తుందని నాకు ఆ నెలలోనే తెలిసింది. పని లేకపోయినా బాపు మొహంలో విచారం లేదు. పొద్దున్నే లేచి సమ్మె టెంటుకు పోయి కూర్చునేవాడు, మధ్యాహ్నం వచ్చి గడపలో కూర్చునేవాడు. వాడలో పూటకు తిండి తక్కువైనవాళ్ళున్నారు, సమ్మె వద్దన్నవాళ్ళు మాత్రం నాకు కనపడలేదు.

ఆ నిశ్శబ్దంలో అద్దం ముందు నిలబడి నేను మెత్తటి ఇంగ్లీషు సాధన చేశాను. నోట్లో తమలపాకు పెట్టుకున్న మనిషిలాగా ఉండేది నా మొహం. అవ్వ చూసి పళ్ళు నొస్తున్నాయా అని అడిగింది. పదిహేను రోజులకు నిజంగానే కొంత వచ్చింది. ఒకనాడు వాకిట్లో నిలబడి, ఆ ఊపు వదలక, తెలుగులోనే, అంతే మెత్తగా, గడపలో ఉన్న బాపును చాయ పెట్టనా అని అడిగాను. ఆయన నా మొహం చూస్తూ ఉండిపోయాడు. మళ్ళీ అడిగాను. కళ్ళు చికిలించాడు.

"ఏమంటున్నవో కనవడ్తలేదు బిడ్డ" అన్నాడు.

అవ్వ చేతిలో బీడీ ఆకు ఆగింది. నేను వాకిట్లోంచి లోపలికి వచ్చి బాపు వెనక నిలబడ్డాను. మా సాంచ గొంతుతోనే పిలిచాను, బాపూ అని. ఎదురింటి నాగవ్వ ఉలిక్కిపడి బయటికి వచ్చింది. రోడ్డు మీద పోయే ఆటో అతను తిరిగి చూశాడు. బాపు మాత్రం వేపపుల్ల నములుతూ వీధిలోకే చూస్తున్నాడు.

అవ్వ నన్ను వంటింట్లోకి లాక్కుపోయింది.

"నాకెర్కే. మూడేండ్లాయె. సాంచ మోతల అందరు మూతి చూసే మాట్లాడుతరు, ఎవలకు తెలుస్తది? సేఠుకు తెలిస్తే పనిల నుంచి తీసేస్తడని నీకు గూడ చెప్పలే."

మోత ఉన్నన్నాళ్ళు బాపుకు చెవులు పోయిన సంగతి ఎవరికీ అక్కరలేకపోయింది. మోత ఆగాక అందరూ గొంతులు తగ్గించారు, పక్కకు చూస్తూ మాట్లాడటం మొదలుపెట్టారు. ఆయన ఆ మాటల నడుమ నవ్వు మొహం పెట్టుకుని ఒక్కడే కూర్చుంటున్నాడు. టెంటులో కూడా అంతేనేమో. నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. జలపతి సార్ మీద, లండన్ ఆవిడ మీద, అద్దంలో నా మొహం మీద కూడా కోపం వచ్చింది. ఈ మెత్తటి మాట నాకు బాగా వచ్చిన రోజున నేను మొదట పోగొట్టుకునేది మా బాపును. సీడీ తీసి బీరువా మీద పడేశాను. ఆ రోజు నుంచి ఆయన టీవీఎస్ బండిని రోడ్డు మీద నేనే నడిపాను, ఆయన వెనక కూర్చున్నాడు. ఎందుకని ఆయన అడగలేదు.

అయితే సీడీ పడేస్తే ఉద్యోగం రాదు కదా. ఇంటర్వ్యూ దగ్గర పడింది. తబస్సుమ్ ఆపాను అడుగుదామని బాపును వెనక ఎక్కించుకుని రుద్రంగి మీదుగా కోరుట్ల పోయాను. తబస్సుమ్ నేను చెప్పే బడిలోనే ఒకప్పుడు టీచర్, నాకు అక్కలాంటిది, అందుకే ఆపా అంటాను. రెండేళ్ళు థాయిలాండులో పాఠాలు చెప్పి, తల్లి మహమూదా బేగం మంచాన పడిందని వచ్చేసింది. జలపతి సార్ పేరు చెప్పగానే నవ్వింది. ఆయన ఆమెకు కూడా అదే సీడీ ఇచ్చాడట.

అక్కడ ఏమేం ఎదురవుతాయో ఆమె తల్లికి గంజి తాగిస్తూనే చెప్పింది. తరగతి గది గుమ్మంలోనే చెప్పులు విప్పాలి. పిల్లల తల నిమరొద్దు, మన దగ్గర దీవెన, అక్కడ తప్పు. వాళ్ళు నవ్వారంటే అర్థమైందని మురిసిపోవద్దు, అర్థం కాకపోతేనే ఎక్కువ నవ్వుతారు. పేరు పెట్టి ఎవరూ పిలవరు, టీచర్ అనే పిలుస్తారు, కొన్నాళ్ళకు మన పేరు మనకే కొత్తగా ఉంటుంది. పాస్‌పోర్టు ఎవరి చేతికీ ఇవ్వొద్దు, చదవకుండా సంతకం పెట్టొద్దు. ఏ చదువూ లేని తెల్ల పిల్లాడు వచ్చి, అదే పాఠానికి మనకంటే ఎక్కువ జీతం తీసుకుంటాడు, అది చూసి తిండి మానొద్దు. ఇండియా మనిషివి, నీకు ఇంగ్లీషెట్లా వచ్చిందని అడుగుతారు. నీకెట్లా రాలేదని అడగాలనిపిస్తుంది, అడగొద్దు. పండుగనాడు ఒక్కదానివే గదిలో కూర్చుని గుడ్డు కూర తింటుంటే మాత్రం ఏడుపొస్తుంది, దానికి మందు లేదు.

"మరి గొంతు?" అన్నాను.

"బడి మీద రేకులుంటయి జమునా. వాన మొదలైతే గంటలకొద్ది ఆగదు. గా జలపతి చెప్పిన గొంతు మొదటి బెంచి దాక గూడ పోదు."

"ఊరు పేరు ఏం చెప్పినవు ఆపా?"

ఆమె తల్లి మూతి తుడిచి గిన్నె కింద పెట్టింది. "హైదరాబాద్ అని చెప్పిన. రెండేండ్లు కోరుట్ల పేరు నోట్లకెల్లి రాకుండ ఉన్న. ఎవలకోసం దాచిన్నో నాకే సమజ్ కాలే."

ఇంటర్వ్యూ రోజున జగిత్యాల పోయేసరికి బస్టాండు ముందర రోడ్డంతా సమ్మె వంటావార్పు. రోడ్డుకు అడ్డంగా రాళ్ళ పొయ్యిలు, వాటి మీద గుండిగలు, చుట్టూ ఉద్యోగులు, ఆటోవాళ్ళు, బడి టీచర్లు. బండి ఇటే ఆపమన్నారు. ఎటు పోతున్నారని ఒకాయన నన్ను అడిగాడు. బాపు ఆయన మూతి చూసి తనే జవాబిచ్చాడు, నా బిడ్డ ఇంగ్లీషు చెప్ప పోతున్నదని. రోడ్డంతా వినిపించింది. ఒకరిద్దరు నవ్వారు, ఒకరు చప్పట్లు కొట్టారు. వచ్చేటప్పుడు తిని పొమ్మన్నారు.

జలపతి సార్ ఆఫీసు ఆ రోడ్డు మీదే, మేడ మీద. బాపును చూసి ఆయన మొహం చిట్లించి, పెద్దమనిషిని బయట కూర్చోబెట్టమన్నాడు. బాపు తలుపు దగ్గరే నిలబడ్డాడు. కరెంటు లేదు, ఇన్వర్టర్ మీద కంప్యూటర్ ఒక్కటే నడుస్తోంది. కింద డప్పులు మొదలయ్యాయి. సార్ కిటికీలన్నీ మూసి, నాకు ఎదురుగా తెర వెనక నిలబడి, గొంతు తగ్గించమని చేత్తో సైగ చేశాడు.

తెర మీద ముగ్గురు ఆడవాళ్ళు. నడుమ ఉన్నామె హెడ్‌మిస్ట్రెస్, నెరిసిన జుట్టు, పసుపు చొక్కా. ఆమె ఇంగ్లీషు వినగానే నాకు సగం భయం పోయింది. ఆమె మాటలోనూ లండన్ లేదు, ఆమె ఊరే ఉంది. ఏ ఊరని అడిగింది. సార్ పెదవులు హైదరాబాద్ అని కదిలాయి. మూతి చదవడంలో నేను పుట్టి పెరిగానని ఆయనకు తెలియదు, అంత పెద్దగా దిద్దాల్సిన పని లేదు.

సిరిసిల్ల అన్నాను. అది ఎక్కడుందని అడిగింది. తెలంగాణలో అన్నాను. పక్కామె ఏదో వెతికి, ఆ పేరుతో రాష్ట్రం కనపడటం లేదంది.

"ఇంకా రాలేదు మేడం. దానికోసమే ఇక్కడ సమ్మె నడుస్తోంది. మీకు వినపడే డప్పులు అవే" అని ఇంగ్లీషులో చెప్పాను.

సార్ నుదురు పట్టుకున్నాడు. హెడ్‌మిస్ట్రెస్ నవ్వలేదు. మీరు కూడా ఆ సమ్మెలో ఉన్నారా అని అడిగింది. ఉన్నానన్నాను. మా బడికి వచ్చి కూడా సమ్మె చేస్తారా అంది. అన్యాయం జరిగితే చేస్తానన్నాను. ఆ ఒక్క మాటతో ఉద్యోగం పోయిందనుకున్నాను. అయినా ఆ మాటను వెనక్కి తీసుకోవాలనిపించలేదు.

ఆమె కాగితం మీద ఏదో రాసుకుని, సరే, ఇప్పుడు మేము ఒకటో తరగతి పిల్లలం, మాకు ఒక్క ఇంగ్లీషు ముక్క రాదు, ఏదైనా నేర్పమంది. సార్ రెండు చేతులూ కిందికి నొక్కుతూ సైగ చేస్తున్నాడు, మెల్లగా, మెల్లగా అని. ఎంతైనా పదిహేను రోజుల సాధన. నోటికి తెలియకుండానే ఆ తమలపాకు మాట వచ్చేసింది. ముగ్గురూ చెవులు ముందుకు పెట్టారు. డప్పులు తప్ప మీరు వినపడటం లేదు అన్నారు.

నేను లేచి నిలబడ్డాను. కుర్చీ వెనక్కి నెట్టాను. సార్ బల్ల మీద నీళ్ళ సీసా ఉంటే ఎత్తి పట్టుకున్నాను. కార్ఖానా ఆ చివర ఉన్న మనిషికి చెప్పినట్టు, పెదవులు నిండా తెరిచి, చేత్తో చూపించి, కడుపులోంచి గొంతు తీశాను.

"వాటర్."

కింద డప్పులు ఎక్కడికి పోయాయో నాకు తెలియదు. తెర మీద ముగ్గురూ వెనక్కి జరిగి, మళ్ళీ ముందుకు వచ్చి, వాటర్ అన్నారు. తాగి చూపించాను, డ్రింక్ అన్నాను. మిగిలిన నీళ్ళూ తాగేసి, సీసా తలకిందులు చేసి, ఖాళీ అని చేతులు తిప్పి చూపించాను, ఎంప్టీ అన్నాను. వాళ్ళు బెంచీలో పిల్లల్లాగే చేతులు తిప్పారు. మళ్ళీ మొదటికి వచ్చి బల్ల మీదున్న ఇంకో నిండు సీసా ఎత్తాను. ఈసారి నేను నోరు తెరవకముందే గదిలోంచి జవాబు వచ్చింది.

"వాటర్."

సాంచలు నడిచేటప్పుడు పిలిచే పిలుపు అది. తలుపు దగ్గర బాపు, నా చేతిలో సీసానే చూస్తూ, తన చేతిని గ్లాసులాగా ఎత్తి నోటి దగ్గర పెట్టుకున్నాడు. "డిరింక్" అన్నాడు. సార్ ఆయన వైపు పరుగెత్తాడు, బయటికి పంపడానికి.

అదెవరు అని హెడ్‌మిస్ట్రెస్ అడిగింది.

"మా నాన్న. నేత పని చేస్తాడు. ఆయనకు ఇంగ్లీషు రాదు. చెవులు కూడా వినపడవు."

మరి ఎట్లా నేర్చుకున్నాడని అడిగింది. ఇప్పుడే, మీతోపాటే అన్నాను. ఆ మాట కూడా గొంతు తగ్గించకుండానే అన్నాను. ఆయనను చూపించమంది. బాపు వచ్చి తెరకు దండం పెట్టాడు. ఆమె కూడా చేతులు జోడించింది. వాళ్ళ దగ్గరా అదే మర్యాదట. తరవాత ఆమె తన బల్ల మీద ఉన్న ఖాళీ గ్లాసును తలకిందులు చేసి పట్టుకుంది, ఏమీ అనకుండా. బాపు చేతులు తిప్పి, ఎంప్టీ అన్నాడు.

ఫోన్ చేస్తామని చెప్పి వాళ్ళు వెళ్ళిపోయారు. జలపతి సార్ నా వైపు వీపు తిప్పి, ఇంత చక్కటి అవకాశాన్ని సమ్మెకు తగలబెట్టానని ఎవరికో ఫోన్‌లో చెప్పుకున్నాడు. నేనూ బాపూ కిందికి దిగి వంటావార్పు వరసలో కూర్చున్నాం. అన్నంలో పప్పు, దాని మీద మామిడికాయ తొక్కు. పోయిన పని ఎట్లా అయిందని, పొద్దున మమ్మల్ని ఆపినాయన వచ్చి అడిగాడు. అడిగినవాటన్నిటికీ నిజమే చెప్పాను అన్నాను. ఆయన ఇంకో గరిటె అన్నం వేశాడు.

అక్టోబరు చివరికి సమ్మె ఆగింది. రాష్ట్రం రాలేదు. వాడలో వారం రోజులు ఎవరి మొహమూ ఎవరూ చూడలేదు. కరెంటు మాత్రం వచ్చింది, సాంచలు మొదలయ్యాయి, మా అన్నం గిన్నెలోకి మోత తిరిగి వచ్చింది. బాపు మళ్ళీ అందరితో సమానమయ్యాడు. సేఠుకు ఏమీ తెలియలేదు. ఆ మోతను నేను అంతకు ముందు ఎన్నడూ ఇష్టపడలేదు.

ఒక మధ్యాహ్నం బాపుకు అన్నం తీసుకుని కార్ఖానాకు పోయినప్పుడు ఫోన్ మోగింది. మోతకు దూరంగా గల్లీ చివరి దాకా పరుగెత్తి ఎత్తాను. జలపతి సార్.

"తీసుకున్నరు. మీ బాపు ఎట్లున్నడని గూడ అడిగింది గామె." వెంటనే, "ఆడికి పోయినంకనన్న హైదరాబాద్ అని చెప్పుకో అమ్మా" అన్నాడు.

"సిరిసిల్ల అని చెప్పిన గద సార్. గదే ఉంటది" అని పెట్టేశాను.

కార్ఖానాలోకి వచ్చేసరికి అన్ని సాంచలూ నడుస్తున్నాయి. బాపు ఆ చివర ఉన్నాడు. ఈ చివరే నిలబడి, ఆయన తలెత్తేదాకా ఆగి, పెదవులతో చెప్పాను, వచ్చింది, పోతున్న అని. నడుమ ఉన్నవాళ్ళందరూ చదివారు. బాపు కూడా చదివాడు.

ఆయన చేయి చాపి సాంచ ఆపాడు.

దారం తెగితేనో, కరెంటు పోతేనో తప్ప బాపు సాంచ ఆపడం నేను చూడలేదు. ఆయన కండువాతో చేతులు తుడుచుకుని, మిగతా సాంచల మోత మీదుగా నాకు వినపడేట్టు పిలిచి చెప్పాడు.

"ఆడికి పోయి గొంతు తగ్గియ్యకు బిడ్డ."

మళ్ళీ సాంచ మొదలుపెట్టాడు. ఆయన నా మూతినే చూస్తున్నాడు కాబట్టి అరవాల్సిన పని లేకపోయింది.

తగ్గియ్య అన్నాను.